ఇమ్మానియేలు మందు తాగలేదు

మాధవీలత లా కోర్సు ఆఖరి ఏడాదిలోకి వచ్చేసరికి, గుంటూరులో ఆమె చదివే కాలేజీ వాళ్ళు లైబ్రరీ పక్కనున్న పాత స్టోరు గదిని ఖాళీ చేయించి, తలుపు మీద ‘ఉచిత న్యాయ సలహా’ అని పెయింటుతో రాయించారు. శనివారం మధ్యాహ్నాలు ఇద్దరేసి విద్యార్థులు అందులో కూర్చోవాలి. లాయరు ఫీజు ఇచ్చుకోలేని వాళ్ళు వస్తే వాళ్ళ గోడు విని, వినియోగదారుల ఫోరంలో వేయదగ్గ కేసయితే కాగితాలు తయారుచేయాలి. ఫోరంలో మాట్లాడాలంటే నల్లకోటే ఉండాలని లేదు. కేసు వేసినవాళ్ళు ‘నా తరఫున ఈమె మాట్లాడుతుంది’ అని రాసిస్తే చాలు. అంచేత విద్యార్థులే వెళ్ళి వాదించవచ్చు. వెనక కూర్చుని చూసుకోవడానికి సాక్ష్యాల చట్టం చెప్పే మాబు సాహెబ్ గారు ఉన్నారు. ఆయన ముప్ఫై ఏళ్ళు కోర్టుల్లో నలిగి, గొంతు సమస్య వచ్చి పాఠాలకి దిగిన మనిషి.

మాధవీలతది మంగళగిరి. నాన్న పానకాలు మగ్గం నేస్తాడు. ఇంట్లో డిగ్రీ దాటి చదివింది ఆమె ఒక్కతే. రోజూ బస్సులో వచ్చి వెళ్ళేది. శనివారం గదిలో అప్పటిదాకా ఆమె చూసినవన్నీ చిన్న కేసులే. తిరగని ఫ్యాను, రెండో ఉతుక్కే రంగు పోయిన పట్టుచీర, దారిలో దించేసిన ట్రావెల్స్ బస్సు. ఆగస్టులో ఒక శనివారం ఎలీసమ్మ వచ్చింది.

ముప్ఫై అయిదేళ్ళుంటాయి. ఎండకి కమిలిన మొహం, మోచేతుల దాకా పత్తికంప గీరిన గీతలు. చిలకలూరిపేట అవతలి పల్లె నుంచి బస్సులో వచ్చింది. చంకలో పాత చీరలో చుట్టిన పెద్ద మూట. లోపలికి తేకుండా దాన్ని గుమ్మం బయటే దించింది.

“ఇక్కడ కాయితాలు రాసిపెడతారంటగా అమ్మాయిగారూ?”

“రాస్తామండీ. కూర్చోండి. ఏ వస్తువు కొన్నారు, ఎక్కడ కొన్నారు?” మాధవీలత ఫారం ముందుకు లాక్కుంది. మొదటి ప్రశ్న అదే.

ఎలీసమ్మ కూర్చోలేదు. “మా ఆయన మందు తాగలేదని రాయాల,” అంది.

మాధవీలత పక్కన కూర్చున్న ఆమె క్లాసువాడు త్రినాథ్ తలెత్తి చూశాడు. మాధవీలత ఫారం పక్కనపెట్టింది.

ఎలీసమ్మ భర్త ఇమ్మానియేలు కూలికి చేలల్లో పురుగుమందు కొట్టేవాడు. సొంత పంపు ఉన్నవాడికి రోజుకి రెండింతలు కూలి వస్తుందని, కిందటేడు తొలకరిలో పేట పురుగుమందుల కొట్లో వీపుకి తగిలించుకునే స్ప్రేయరు కొత్తది కొన్నాడు. రెండో నెలకే అడుగున కారడం మొదలుపెట్టింది. కొట్టుకి తీసుకెళ్తే లప్పం పెట్టి పంపారు. మళ్ళీ కారింది. మళ్ళీ లప్పం పెట్టి, “ఇంక కారదు పో,” అన్నారు. అక్టోబరులో పచ్చపురుగు విరుచుకుపడ్డప్పుడు యలమందయ్య అనే రైతు చేలో మూడు రోజులు వరసగా కొట్టాడు. మూడో రోజు మధ్యాహ్నం చేలోనే వాంతులు చేసుకుని పడిపోయాడు. ట్రాక్టరు మీద పేట తీసుకెళ్ళి, అక్కణ్ణుంచి గుంటూరు తెస్తుంటే దారిలో ప్రాణం పోయింది.

ఆ ఏడు పత్తి చేలల్లో మందు తాగి చచ్చినవాళ్ళు ఊరికొకరు ఉన్నారు. పోలీసులు ఒంటి మీది వాసన చూసి, యలమందయ్య చెప్పింది విని, పంచనామాలో ‘ఇంట్లో గొడవపడి పురుగుమందు తాగి ఆత్మహత్య’ అని రాసేశారు. అలా పోయినవాళ్ళకి చర్చిలో ఆరాధన జరపరు. ఇమ్మానియేలుని పాటా ప్రార్థనా లేకుండా సమాధుల తోటలో ఓ మూలన పూడ్చారు. ఇమ్మానియేలు తల్లి ఆనాటి నుంచి కోడలితో మాట్లాడలేదు. వీధికి ఎదురుగా ఉన్న రెండో కొడుకు ఇంటికి వెళ్ళిపోయింది.

“డబ్బులిప్పిస్తారని రాలేదమ్మా. ఇప్పిస్తే వద్దనను, పిల్లదుంది. ముందు ఆ మాట తీసెయ్యాల,” అంది ఎలీసమ్మ. రవికెలో నుంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో నాలుగు మడతలు పెట్టిన ఇంగ్లీషు కాగితం ఉంది. పోస్టుమార్టం రిపోర్టు. పది నెలలుగా ఆమె దగ్గరే ఉంది. ఎవరూ దాన్ని చదివి వినిపించలేదు.

మాధవీలత ఒక్కో పంక్తీ చదివి తెలుగులో చెప్పింది. చావుకి కారణం పురుగుమందు విషం. నోట్లో, గొంతులో కమిలిన గుర్తులు లేవు. వీపు కింది భాగాన, నడుము మీద చర్మం ఎర్రగా కమిలి పొర లేచి ఉంది.

“ఈపు మీదని రాశారా?” అంది ఎలీసమ్మ.

“రాశారండీ.”

“డాకటేరు రాశాడా?”

“ఆయనే రాశాడు.”

ఎలీసమ్మ అప్పుడు కూర్చుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మాబు సాహెబ్ గారు కాగితాలన్నీ చూసి పెదవి విరిచారు. “పోలీసు కాగితాన్ని కొట్టేసే అధికారం ఫోరానికి లేదమ్మా. ఆ సంగతి ఆమెకి ఇవాళే చెప్పు, ఆశ పెట్టకు. కాకపోతే, పంపులో లోపం వల్ల మనిషి పోయాడని మనం కేసు వేస్తే, మనిషి ఎట్లా పోయాడో ఫోరం తేల్చక తప్పదు. తేల్చింది తీర్పులో రాయక తప్పదు.” తరవాత బయటున్న మూట వైపు చెయ్యి చూపించారు. “దాన్ని మాత్రం ఉత్త చేతుల్తో ముట్టుకోకండి.”

వరండాలో మేకుకి, మనిషి వీపుకి బదులుగా, తెల్ల పంచె వేలాడదీసి, దాని మీదుగా పంపు తగిలించి, త్రినాథ్ నీళ్ళు నింపాడు. పావుగంటలో పంచె కింది సగం తడిసింది. రిపోర్టులో చర్మం కమిలిందన్న చోటు సరిగ్గా అదే. ఎలీసమ్మ పంపుని మళ్ళీ చీరలో చుట్టింది.

కేసు వేశారు. పంపు తయారుచేసిన కంపెనీ ఎక్కడో పై రాష్ట్రంలో ఉంది, నోటీసు అందినా రాలేదు. ఫోరం పంపుని పరీక్షకి పంపితే, అడుగున అతుకు దగ్గర పగులుందని రిపోర్టు వచ్చింది. ఆ పగులు అమ్మేనాటికే ఉందా, వాడకంలో వచ్చిందా అన్నది చెప్పలేమన్నారు. కొట్టు యజమాని జవాబు మాత్రం సూటిగా ఉంది. పంపుకీ చావుకీ సంబంధం లేదు, అతను ఆ పొద్దున పెళ్ళాంతో గొడవపడి మందు తాగాడు, పోలీసు రికార్డే సాక్ష్యం అన్నాడు.

మాధవీలత, త్రినాథ్ ఒక ఆదివారం యలమందయ్య ఇంటికి వెళ్ళారు. ఆయన కళ్ళంలో పత్తిని పెద్ద గోతాలకి ఎక్కిస్తున్నాడు. యాభై దాటిన మనిషి. మంచినీళ్ళిప్పించాడు గానీ మాట పడనివ్వలేదు.

“చచ్చినోణ్ణి కోర్టుకీడ్చి ఏం బావుకుంటారమ్మా మీరు? చదువుకునే పిల్లలు, చదువుకోండి.”

“అతను మందు తాగటం మీరు చూశారా అండీ?”

“నేను చెప్పాల్సింది పోలీసులకి చెప్పా. ఇంక పొండి.”

తిరుగు బస్సులో మాధవీలతకి గొడవ సంగతే గుచ్చుకుంటూ ఉంది. ఆ మాట ఎలీసమ్మని అడగాలి. కానీ ఎలా అడగడం? వారం తరవాత ప్రమాణపత్రం రాయడానికి ఎలీసమ్మ వచ్చినప్పుడు, ‘ఆ రోజు పొద్దున మీ ఇద్దరికీ...’ అని మొదలుపెట్టింది. ఎలీసమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. మాధవీలత ఆ ప్రశ్న వదిలేసింది. వదిలేసి ఊరుకోలేదు. ‘మరణించిన రోజున గానీ అంతకుముందు గానీ మా దంపతుల మధ్య ఎటువంటి తగాదా లేదు’ అని తనే ఒక వాక్యం కలిపి టైపు చేయించింది. అవతలివాళ్ళ నోరు మూయించడానికి అది అవసరమనుకుంది. వేలిముద్ర వేయించే ముందు చదివి వినిపించేటప్పుడు ఆ వాక్యాన్ని గబగబా దాటించేసింది. ఎలీసమ్మ వింటూ ఒకసారి ఏదో అనబోయి, “మీరు రాసింది మంచికేగా,” అని వేలిముద్ర వేసింది.

ఫిబ్రవరిలో విచారణకి వచ్చింది. ఫోరం హాలు చిన్నది. ఎత్తైన బల్ల వెనక రిటైరైన జిల్లా జడ్జి అధ్యక్షుడిగా, ఆయనకి అటూ ఇటూ ఇద్దరు సభ్యులు. వాళ్ళలో ఒకరు ఆడమనిషి. మాధవీలత లోపలికి అడుగుపెడుతూనే వెనక బెంచీలో యలమందయ్యని చూసింది. అవతలి పక్షం ఆయన్ని తమ సాక్షిగా తెచ్చుకుంది.

ఎలీసమ్మ ప్రమాణం చేసింది. కొట్టు తరఫు ప్లీడరు మెత్తగా మొదలుపెట్టాడు. పంపు ఎప్పుడు కొన్నారు, ఎన్ని రోజులు వాడారు అని అడిగి, కాగితాలు సర్దుకుంటూ అన్నాడు:

“ఆ పొద్దున నువ్వూ నీ మొగుడూ గొడవపడ్డారా?”

ఎలీసమ్మ బల్ల వైపు చూసింది, తరవాత నేల వైపు చూసింది.

“పడ్డామండీ.”

ప్లీడరు కళ్ళజోడు సర్దుకున్నాడు. “పడ్డారు. మరి నువ్వు వేలిముద్ర వేసిన ఈ ప్రమాణపత్రంలో ఎటువంటి తగాదా లేదని ఉందే? అప్పుడు అబద్ధం చెప్పావా, ఇప్పుడు చెప్తున్నావా?”

ఎలీసమ్మ తల తిప్పి మాధవీలతని చూసింది. అందులో నిష్ఠూరం లేదు. ఏం చెప్పమంటావని అడుగుతున్నట్టు చూసింది, అంతే. ఆ పిల్ల రాసింది అని ఒక్క మాట అంటే తను గట్టెక్కుతుంది. అనడం లేదు.

మాధవీలత లేచి నిలబడింది. “అయ్యా, ఆ వాక్యం ఆమె చెప్పింది కాదు. నేను రాశాను. ఆమెని అడక్కుండా రాశాను.”

అధ్యక్షుడు కాగితం కింద పెట్టాడు.

“ప్రమాణపత్రం ఎవరిదమ్మా? ఆమెదా, నీదా?”

“ఆమెదండీ.”

“చదువురాని మనిషి వేలిముద్ర కింద నీ అబద్ధం పెట్టావు. ఇప్పుడామె చెప్పే నిజాన్ని మేం నమ్మకపోతే ఆ పాపం ఎవరిది?”

మాబు సాహెబ్ గారు లేచి, పర్యవేక్షణ తనది కాబట్టి తప్పులో తనకీ భాగం ఉందన్నారు. అధ్యక్షుడు ఆ వాక్యాన్ని కొట్టివేయించి, ఇంకోసారి ఇలా జరిగితే ఈ గదిలోకి రానివ్వనని చెప్పి కూర్చోమన్నాడు. మాధవీలత కూర్చుంది. తన వల్ల కేసు పోయిందనే అనుకుంది.

బల్ల వెనకున్న సభ్యురాలు ముందుకు వంగింది. “దేని గురించి గొడవపడ్డారమ్మా?”

ఎలీసమ్మ రెండు చేతుల్తో బోను కర్ర పట్టుకుంది.

“పంపు గురించేనమ్మా. అంతకుముందు రెండు రోజులూ ఈపు మండుతోందని బోర్లా పడుకున్నాడు. కొబ్బరినూనె రాశా. పొద్దున్నే మళ్ళీ పంపు తగిలించుకుంటుంటే, ‘ఇయ్యాల ఎల్లబాకయ్యా’ అని పట్టీ పట్టుకు లాగా. నన్ను నెట్టేశాడు. ‘ఎల్లకపోతే రేపు ఇంకోణ్ణి పిలుస్తారే’ అన్నాడు. నాకు కోపమొచ్చింది. కోపంలో...” ఆగింది. “‘అయితే పో, చావు’ అన్నానమ్మా. నేనే అన్నా ఆ మాట. ఎవురికీ చెప్పలా. మా అత్తకి చెప్పలా, ఈ అమ్మాయికీ చెప్పలా.”

అంతవరకూ ఆమె ఏడవలేదు. అప్పుడు కూడా గట్టిగా ఏడవలేదు. కన్నీళ్ళు వాటంతట అవే కారుతుంటే తుడుచుకోకుండా నిలబడింది. అధ్యక్షుడు గుమస్తాని మంచినీళ్ళు తెమ్మన్నాడు.

ప్లీడరు యలమందయ్యని పిలిచాడు. ఆయన తువ్వాలు భుజం మీంచి తీసి చేత్తో పట్టుకుని వచ్చాడు. అడిగినవాటికి తడుముకోకుండా చెప్పాడు. పనికి పిలవడానికి వాళ్ళ ఇంటికి వెళ్తే మొగుడూ పెళ్ళాల గొడవ విన్నాడు. మధ్యాహ్నం చూస్తే ఇమ్మానియేలు చేలో పడి ఉన్నాడు. మందు డబ్బా పక్కనే ఉంది. అంతే.

ఇక అడగాల్సింది మాధవీలత. జవాబు తెలియని ప్రశ్న సాక్షిని అడగవద్దని మాబు సాహెబ్ గారు క్లాసులో ఎన్నిసార్లు చెప్పారో లెక్క లేదు. ఆమె వెనక్కి తిరిగి ఆయన్ని చూసింది. ఆయన తల ఊపలేదు, అడ్డంగానూ తిప్పలేదు.

“యలమందయ్యగారూ, వాళ్ళ గొడవ విన్నానన్నారు. ఇప్పుడు ఎలీసమ్మగారు చెప్పిందీ విన్నారు. మీరు ఆ రోజు విన్న గొడవ దేని గురించండీ?”

ప్లీడరు లేచి, ఎవరి ఇంటి గొడవ దేనికో సాక్షికెలా తెలుస్తుందని అడ్డు చెప్పబోయాడు. అధ్యక్షుడు చెయ్యెత్తి ఆపాడు.

“గుమ్మంలోనే ఉన్నారుగా అండీ మీరు?” అంది మాధవీలత.

“ఉన్నా.” ఆయన తువ్వాలు మెలిపెట్టాడు. ఎలీసమ్మ వైపు చూడలేదు. “పంపు గురించే. అది చెప్పింది నిజమే. కారతందని, ఎల్లొద్దని అంది.”

“మరి మీరేమన్నారండీ?”

“మబ్బు పట్టిందిరా, వానొచ్చేలోపు మందు పడాల, ఈ ఒక్కరోజు కానియ్యరా అన్నా. నేనంటేనే వచ్చాడు.”

“అతను మందు తాగటం చూశారా?”

“చూళ్ళా.”

“మరి పోలీసులకి?”

యలమందయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

“నా చేలో, నా పని చేస్తా పోయాడంటే నా మీదకి వస్తదని భయపడ్డానయ్యా. ట్రాక్టరెక్కిచ్చేటప్పుడు చొక్కా ఈపుకి అంటుకుపోయి ఉంది. పీకితే తోలు వచ్చింది. నా చేత్తో నేనే పీకా. తాగలేదని నాకు తెలుసు.”

ఎలీసమ్మ బెంచీ మీద తల వంచుకుని కూర్చుంది. యలమందయ్య బోను దిగి, ఆమె ముందు ఒక క్షణం ఆగాడు. తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

బస్టాండుకి నడుస్తూ మాధవీలత క్షమించమని అడిగింది. “మీరు చెప్పని మాట మీ నోట్లో పెట్టానండీ. మీకు చదివేటప్పుడు కూడా దాచాను.”

“నేనూ దాచాగా అమ్మా,” అంది ఎలీసమ్మ. కాస్త నడిచాక, “ఇందాక ఆ మాట బయటికి అన్నాక ఊపిరాడతంది,” అంది.

తీర్పు జూన్‌లో వచ్చింది. కారే పంపుని రెండుసార్లు లప్పం పెట్టి తిప్పి పంపడం కొట్టు యజమాని లోపమేనని, ఎలీసమ్మకి పరిహారం ఇవ్వాలని ఫోరం ఆదేశించింది. కొట్టు యజమాని హైదరాబాదులో అప్పీలు వేశాడు. అది తేలి, తగ్గించిన పరిహారం ఆమె చేతికి వచ్చేసరికి ఇంకో మూడేళ్ళు పట్టింది. పోలీసు రికార్డులో మాట అలాగే ఉండిపోయింది. దాన్ని మార్పించడానికి మాబు సాహెబ్ గారు రాసిన రెండు అర్జీలకీ జవాబు రాలేదు.

తీర్పు పన్నెండు పేజీలు. తొమ్మిదో పేజీలో ఇలా ఉంది: మృతుడు విషం తాగినట్టు సాక్ష్యం లేదు. కారుతున్న స్ప్రేయరు వల్ల పురుగుమందు వీపు చర్మం గుండా శరీరంలోకి వెళ్ళి మరణించాడు. పదో పేజీలో, ఫిర్యాదుదారు తరఫున హాజరైన విద్యార్థిని ప్రమాణపత్రంలో తనకు తెలియని సంగతి చేర్చడం తీవ్రంగా గర్హణీయమని, తానే లేచి ఒప్పుకున్నందువల్ల అంతటితో వదులుతున్నామని ఉంది. త్రినాథ్ ఆ పేజీ పక్కనపెట్టి తొమ్మిదోది ఒక్కటే పల్లెకి తీసుకెళ్దామన్నాడు. మాధవీలత ఒప్పుకోలేదు.

తీర్పు వచ్చిన తరవాతి ఆదివారం, పల్లె చర్చిలో ఆరాధన అయ్యాక, తీర్పు సంగతి విన్న పాస్టరుగారు అందర్నీ ఉండమన్నారు. మాధవీలత చర్చి వరండాలో నిలబడి తొమ్మిదో పేజీని తెలుగులో చదివింది. పదో పేజీ కూడా చదివింది. అది చదివేటప్పుడు కొందరు మొహమొహాలు చూసుకున్నారు. తరవాత అంతా సమాధుల తోటకి నడిచారు. ఇరవై నెలలు ఆలస్యంగా ఇమ్మానియేలుకి పాటా ప్రార్థనా జరిగాయి. యలమందయ్య రాలేదు. ఆయన పంపాడని ఒక కూలిమనిషి బంతిపూల బుట్ట తెచ్చి పక్కనపెట్టి వెళ్ళిపోయింది. ఎలీసమ్మ ఆ పూలు ముట్టుకోలేదు. పారెయ్యనూలేదు.

జనం కదిలాక ఇమ్మానియేలు తల్లి కర్ర పొడుచుకుంటూ మాధవీలత దగ్గరికి వచ్చింది. కళ్ళు సరిగా ఆనవు.

“ఈపు మీదనుంచే అని రాశారా తల్లీ?”

“రాశారమ్మా.”

“మళ్ళీ చదువు.”

మాధవీలత మళ్ళీ చదివింది. ముసలామె ఆఖరిదాకా విని, కాగితాన్ని వేళ్ళతో తడిమి చూసింది. అప్పటికే ఎలీసమ్మ ఆమెకి రెండడుగుల దూరంలో వచ్చి నిలబడి ఉంది.

“అత్తా, ఆ పొద్దున నేను ‘చావు’ అన్నా,” అంది.

“ఇన్నా. కోర్టులో చెప్పావంట, ఊరంతా చెప్పుకున్నారు.” ముసలామె కాసేపు సమాధి వైపు చూసింది. “నేను మాత్రం? చిన్నప్పుడు ఆణ్ణి అన్నం తినకపోతే ఎన్నిసార్లు అన్నానో ఆ మాట. పద. ఎండెక్కింది.”

కోడలి భుజం పట్టుకుని నడిచింది. ఆ పూట ముసలామె ఎలీసమ్మ ఇంట్లోనే అన్నం తిన్నది. మాధవీలతకీ త్రినాథ్‌కీ కూడా అక్కడే పెట్టారు.